గచ్చు మీద నలభైమంది

ఉడికిన వడ్లు ఎండాయా లేదా అన్నది ఆ మిల్లులో గౌరీబాయి చెప్తేనే చెల్లేది. గచ్చు మీంచి పిడికెడు వడ్లు తీసుకుని, అరచేతిలో నలిపి పొట్టు ఊది, ఒక్క గింజను కుడివైపు పళ్ల మధ్య పెట్టి కొరికేది. టక్కుమని విరిగితే "సాలు, ఎత్తుర్రి" అనేది. నలిగి పంటికి అంటుకుంటే ఏమీ అనకుండా మళ్లీ గచ్చు మీదికి నడిచేది. ఆమె నడిస్తే మిగతా ముప్పైతొమ్మిదిమంది ఆడవాళ్లూ నడిచేవాళ్లు. గేటు దగ్గర లారీ హారన్ కొడుతున్నా, గుమస్తా దశరథ చేతులు నలుపుకుంటూ చుట్టూ తిరుగుతున్నా ఆమె తొందరపడేది కాదు. ఒకసారి సేటే వచ్చి, "కొంచెం పచ్చిగా ఉన్నా ఫరవాలేదులే, ఎత్తించు" అన్నాడు. "ఎత్తిస్త సేటూ. కేరళకు పోయినంక ముక్కినయని వాపసొస్తే మీరే దించుకోవాలె" అంది. సేటు నవ్వుకుంటూ వెనక్కి పోయాడు. ఆ సంగతి ఆడవాళ్లు నెలరోజులు చెప్పుకున్నారు.

మిర్యాలగూడకు అప్పుడు మంచి రోజులు. ఎడమ కాలువ నీళ్లు రాకముందు ఆ చుట్టుపక్కల జొన్న, ఆముదం తప్ప చెప్పుకోదగ్గ పంట లేదు. కాలువ వచ్చాక ఏడాదికి రెండు కార్ల వరి, వానకాలం ఒకటి, యాసంగి ఒకటి. కోదాడ అవతల నుంచి, కృష్ణ ఆవలి ఒడ్డు నుంచి చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్లు వచ్చి భూములు కొన్నారు, భూముల తర్వాత మిల్లులు కట్టారు. సూర్యాపేట బస్సు ఊళ్లోకి రాకముందే పొగగొట్టాలు కనిపించేవి. ఊక కాల్చిన బూడిద పగలంతా ఆకాశం నుంచి రాలేది. ఆరేసిన తెల్లపంచె సాయంత్రానికి మాసిపోయేది. అన్నం తింటుంటే కంచంలో నల్లగా ఏదో పడేది. ఎవరూ విసుక్కునేవాళ్లు కాదు. ఆ మసి ఆగిన రోజు పొయ్యిలు కూడా ఆగుతాయని ఊరందరికీ తెలుసు.

గౌరీబాయిది ఊరికి మూడు మైళ్ల దూరంలో తండా. పుట్టిల్లు వాడపల్లి వైపు, మూసీ వెళ్లి కృష్ణలో కలిసే చోటికి దగ్గర. పెళ్లయి వచ్చాక కొన్నాళ్లు కూలికి పోయింది, మిల్లు కట్టిన కొత్తలో, డెబ్భైఎనిమిదిలో, గచ్చు పనికి చేరింది. అదే వారం రైలు పట్టాల పక్కనున్న వాడ నుంచి సారమ్మ చేరింది. సారమ్మ బక్కపలచటి మనిషి. ఆదివారం చర్చికి పోతే తప్ప ఆమె నోరు ఊరుకోదని అందరూ నవ్వేవాళ్లు. వయసులో ఐదారేళ్లు చిన్నది, గౌరక్కా అని పిలిచేది. ఇద్దరికీ మొదటి రోజునే కాళ్లు బొబ్బలెక్కాయి. ఒకరి బొబ్బలకు ఒకరు ఆముదం రాసుకున్నారు.

ఆ పని అలాంటిది. తొట్లలో నానబెట్టి ఆవిరి పట్టించిన వడ్లను తెల్లవారకముందే గచ్చు మీద కుమ్మరించేవాళ్లు. ఆవిరి ఇంకా కక్కుతుండగానే కర్రపారలతో లాగి పలచగా పరవాలి. తర్వాత రెండు పాదాలూ ఈడుస్తూ, చాళ్లు తీసినట్టు ఆ చివరి నుంచి ఈ చివరికి నడవాలి. గంట గంటకూ నడవాలి. కింద సిమెంటు కాలుతుంది, మీద ఎండ కాలుతుంది. రెండేళ్లు నడిస్తే అరికాళ్లు గుర్రపు డెక్కల్లా గట్టిపడతాయి. పదేళ్లు నడిచినవాళ్లు ముల్లు దిగినా ఇంటికి పోయాక గాని చూసుకోరు. పని ఎంత కష్టమైనా ఏడాదిలో పది నెలలుండేది. నాట్లూ కోతలూ అయిపోయి ఊళ్లల్లో కూలి దొరకని రోజుల్లో కూడా ఉండేది. తండా నుంచి గౌరీబాయి పద్నాలుగుమందిని తెచ్చి పెట్టింది. వాళ్లలో ఆమె తోడికోడలు సాలి కూడా ఉంది. సారమ్మ తన వాడ నుంచి పదకొండుమందిని తెచ్చింది. మేస్త్రీగా ఉండమని సేటు అడిగినప్పుడు, "నేనెందుకు, సారమ్మకు నోరుంది" అంది గౌరీబాయి. "నోరుంది కాబట్టే వద్దు" అన్నాడు సేటు.

తొంభైలో, మే నెలలో తుఫాను వచ్చింది. మూడు రోజులు వాన తెరిపివ్వలేదు. గచ్చు మీద, షెడ్లలో, ఎక్కడ పడితే అక్కడ ఉడకబెట్టిన వడ్లు. ఆడవాళ్లు వడ్ల మీద కప్పే తాటిపత్రీలు పట్టుకుని పరుగెత్తారు. గాలికి తాటిపత్రీ లేచి ఒకామె చెయ్యి విరిగింది. మూడో రోజుకు వడ్లు పులిసి, మిల్లంతా కల్లు కుండ వాసన వేసింది. వాన వెలిసిన తర్వాత సేటు గచ్చు మధ్యన నిలబడి, చెప్పులు లేని కాళ్లతో ఆ వడ్లను అటూ ఇటూ తోస్తూ చాలాసేపు ఉండిపోయాడు. గౌరీబాయికి జాలేసింది. "ఎండొచ్చిందిగా సేటూ. ఎంత మిగిలితే గంత మిగుల్తది, ఎండబోస్తం" అంది. ఆ వారంలో నలభైమందీ పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా నడిచారు. సగం వడ్లు దక్కాయి.

తర్వాతి ఏడాది చివర్లో ఒక మధ్యాహ్నం దశరథ వచ్చి సేటు పిలుస్తున్నాడన్నాడు. ఆఫీసు గదిలో ఫ్యాన్ కింద సేటు ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు.

"కూర్చో గౌరీబాయి."

"వద్దు సేటూ, నిలబడ్త."

"కూర్చోమంటున్నాను గదా."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. పదమూడేళ్లలో ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు. కాళ్ల బూడిద కింది రంగు చాప మీద పడుతుందేమోనని పాదాలు వెనక్కి లాక్కుంది.

"తుఫానుకి ఎంత పోయిందో నువ్వు కళ్లారా చూశావు" అన్నాడు సేటు. "మళ్లీ అట్లాంటిది వస్తే మిల్లు మూసుకోవాల్సిందే. అందుకని డ్రయ్యర్ తెస్తున్నాం. వానలప్పుడు వడ్లు దాంట్లో పోస్తే వేడిగాలికి ఎండిపోతాయి."

"మరి ఎండలప్పుడు?"

"ఎండలప్పుడు నీ గచ్చుంది, నీ మనుషులున్నారు. దేవుడు ఎండని ఊరికే ఇస్తుంటే కరెంటు ఎందుకు కాలుస్తాను చెప్పు? ఒక్కరిని కూడా తీసెయ్యను. అయితే ఆడవాళ్లు భయపడతారు. ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి ఎక్కిస్తారు. నేను చెప్తే నమ్మరు, నువ్వు చెప్తే నమ్ముతారు."

గౌరీబాయి ఆ మాటను తిప్పి తిప్పి చూసుకుంది. తప్పేం కనబడలేదు. ఎండ ఊరికే వస్తుందన్నది నిజమే గదా అనుకుంది. కుర్చీలో కూర్చోబెట్టి చెప్పాడన్నది కూడా ఆమె మనసులో లేకపోలేదు.

అన్నాల వేళ గోడ నీడన అందరూ కూర్చున్నప్పుడు చెప్పింది. ఒక్కసారి గోలయింది. సారమ్మ మాత్రం చేతిలో ముద్ద అలాగే పట్టుకుని విన్నది.

"వానకాలంల పది పదిహేను రోజుల కోసం గంత పెద్ద మిషిన్ తెస్తడా అక్కా?"

"తుఫానుల ఎంత ఖరాబైందో సూడలేదా నువ్వు?"

"సూసిన. తెచ్చుకోనీ, మనదేం పోయింది. కని ఒక్కర్ని తియ్యనన్న మాట కాయితం మీద రాసియ్యమందాం. బస్టాండు కాడ యూనియన్ ఆఫీసుంది. ఆడున్నాయన్ను అడుగుదాం. మనందరం ఏలిముద్రలేద్దాం. మిషిన్ రాకముందే అడగాలె. వచ్చినంక మన మాట ఎవడింటడు?"

"ఇన్నేండ్లల్ల మనకు మాట తప్పిండా? నీళ్ల కుళాయి పెట్టియ్యమంటే పెట్టిచ్చిండు. నీకు గచ్చు మీద నొప్పులొస్తే దవాఖానకు జీపిచ్చి పంపిండు."

"జీపిచ్చిండు, కాదంటలేను. జీపుకు మిషిన్‌కు సంబంధమేంది?"

"యూనియన్ అన్నమంటే సేటుకు కోపమొస్తది. ఇప్పుడు లేని పరేషాన్ మనమే తెచ్చుకున్నట్టయితది."

ఆడవాళ్లు ఇటు చూశారు, అటు చూశారు. వాళ్లలో సగంమంది సారమ్మ వైపు ఒరిగారని గౌరీబాయికి అర్థమైంది. తన మాట మీద ఇంకో మాట లేచిన రోజు అంతకుముందు లేదు. అది ఆమెకు కష్టంగా తోచింది. లేచి నిలబడి, తండావాళ్లు కొలిచే గురువు మీద ఒట్టు పెట్టింది.

"సేవాలాల్ మహరాజ్ మీద ఆన. ఎవ్వరి పని పోయినా నేను గీ గేటు లోపట కాలు పెట్ట. ఇగ సాలునా?"

సాలి ముందుగా, "అక్క గంత మాటన్నంక ఇంకేం కావాలె" అంది. తండా ఆడవాళ్లందరూ అదే అన్నారు. సారమ్మ చేతిలో ముద్ద మళ్లీ గిన్నెలో పెట్టేసి, "సరే అక్కా. నీ ఇష్టం" అంది. యూనియన్ ఆఫీసుకు ఎవరూ పోలేదు.

సంక్రాంతి దాటాక డ్రయ్యర్ ఐదు లారీల మీద వచ్చింది. గచ్చు ఉత్తరపు చివర నాలుగంతస్తుల ఎత్తు ఇనుప గోపురంలా లేచింది. దాంతో పాటు కోయంబత్తూరు నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. నడివయసు మనిషి, నుదుట విభూతి, మెత్తగా మాట్లాడేవాడు. వచ్చీరాని తెలుగులో గౌరీబాయిని "అమ్మా" అని పిలిచేవాడు. సేటు ఆయనకు ఆమెను చూపించి, "మా మీటరు ఈవిడే" అన్నాడు.

నలభై రోజులు పరీక్షలు చేశారు. డ్రయ్యర్‌లోంచి పావుగంటకోసారి గింజలు తీసేవాళ్లు. ఇంజినీరు కొన్ని తేమ కొలిచే తన చిన్న పెట్టెలో వేసి ముల్లు చూసేవాడు, కొన్ని గౌరీబాయి చేతిలో పోసేవాడు. ఆమె కొరికి, "పచ్చి" అనేది, "ఇంకో గంట" అనేది, "సాలు" అనేది. ఆమె అన్న ప్రతి మాటనూ ఆయన నోటుబుక్కులో రాసుకునేవాడు. పెట్టె చూపించే అంకెకూ ఆమె మాటకూ తేడా వస్తే ఆయన పెట్టెనే సరిచేసేవాడు, డ్రయ్యర్ గాలిని ఎక్కువ తక్కువ చేసేవాడు. "అమ్మా, నీ పల్లు కరెక్టు, నా మిషిన్ తప్పు" అనేవాడు, పన్ను అనబోయి. పక్క మిల్లుల సేట్లు చూడ్డానికి వస్తే ఆమెను పిలిచి కొరికించేవాళ్లు. గౌరీబాయి ఆ రోజుల్లో కొంచెం నిటారుగా నడిచిందన్నమాట నిజం.

ఇంట్లో భర్త రూప్లా దగ్గుకుంటూ మంచం మీద లేచి కూర్చుని అడిగాడు. "నువ్వు సెప్పేదంత గాయన ఎందుకు రాసుకుంటున్నడు?"

"మిషిన్‌కు తెల్వాలె గదా, ఎప్పుడు ఆపాల్నో."

"మిషిన్‌కు తెలిసినంక?"

"నీకు మేకల సంగతి తప్ప ఏం తెల్వది, పండుకో" అని కసిరింది. ఆ మాట మాత్రం కసురుకున్నంత తేలిగ్గా పోలేదు. రెండు రోజులు గింజ కొరికినప్పుడల్లా గుర్తొచ్చింది. మూడో రోజు ఇంజినీరు తన ఊరి అరిసెలేవో తెచ్చిస్తే మరిచిపోయింది.

యాసంగి వడ్లు రావడం మొదలైన ఏప్రిల్‌లో, ఒక సోమవారం పొద్దున, ఆడవాళ్ల ముఠా గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు సగమే తీసి ఉంది. దశరథ ఒక కాగితం పట్టుకుని నిలబడ్డాడు. ఎవరి మొహం చూడకుండా ఆరు పేర్లు చదివాడు. మొదటిది గౌరీబాయి పేరు. ఆ ఆరుగురూ ఊడవడానికి, డ్రయ్యర్ కింద రాలిన వడ్లు ఎత్తడానికి.

"మిగిలినోళ్లు?" అంది సారమ్మ.

"అవసరముంటే కబురు చేస్తాం."

"ఎండ మండుతుంటే అవసరం లేదా? వానలకేనంటిరి గదా?"

"నాకేం తెలుసమ్మా. నన్నిది చదవమన్నారు, చదివాను."

సందులోంచి లోపలికి చూస్తే గచ్చు ఖాళీగా ఉంది. ఒక్క గింజ లేదు. అవతల ఇనుప గోపురం గుర్రుమంటూ నడుస్తోంది. ముప్పైనాలుగుమంది ఆడవాళ్లు, చంకల్లో అన్నం మూటలతో, గౌరీబాయి వైపు తిరిగారు. ఎవరూ తిట్టలేదు. సారమ్మ ఒక్కతే దగ్గరికి వచ్చింది.

"పో అక్కా. పోయి అడుగు. నిన్ను కుర్సీల కూసోబెడ్తడు గదా."

ఆమె పోయింది. సేటు ఆ రోజు కూర్చోమనలేదు. పక్కన ఎవరో వ్యాపారులున్నారు. వాళ్లు పోయేదాకా నిలబెట్టి, తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ మాట్లాడాడు.

"వానలకే అనుకున్నాం గౌరీబాయి, నేను అబద్ధం చెప్పలేదు. తెచ్చాక లెక్క చూసుకుంటే, అంత పెట్టుబడి పెట్టిన యంత్రాన్ని పది నెలలు ఊరికే ఉంచడం కుదరదని తేలింది. పక్క మిల్లులవాళ్లూ తెస్తున్నారు. నేనొక్కణ్ని గచ్చు మీద ఎండబోసుకుంటూ కూర్చుంటే బతకను."

"ముప్పైనాలుగు మంది సేటూ. పద్నాలుగేండ్లు నడిచిన్రు."

"నాకు తెలీదా? ఊళ్లో పనికేం తక్కువ? నాట్లున్నాయి, కోతలున్నాయి. నీకైతే ఏ లోటూ చెయ్యలేదు గదా?"

"నేను ఆన పెట్టిన."

"ఆనలు పెట్టమని నేను చెప్పలేదు" అన్నాడు సేటు. కసిరినట్టు కాదు, నిజంగా ఆశ్చర్యపోయినట్టు అన్నాడు.

బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. వాళ్లు యూనియన్ ఆఫీసుకు పోయారని తర్వాత తెలిసింది. రాతపూర్వకంగా ఏమన్నా ఉందా అని అక్కడ అడిగారట. లేదన్నారట. యంత్రం రాకముందు వచ్చి ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లం అన్నారట. నాలుగు రోజులు గేటు ముందు కూర్చున్నారు. ఐదో రోజు కూలి లేక కూర్చోలేకపోయారు.

గౌరీబాయి ఆ నాలుగు రోజులూ తండాలోనే ఉంది. ఐదో రోజు మిల్లుకు పోయింది. ఎందుకు పోయిందంటే ఆమె తనకు తాను చాలా కారణాలు చెప్పుకుంది. రూప్లా దగ్గు ఎక్కువైంది. తను కూడా బయట ఉంటే మిగిలినవాళ్ల మాట లోపల ఎత్తేదెవరు. సేటు మనసు కుదుటపడ్డాక ఒక్కొక్కరినే తెచ్చుకోవచ్చు. అన్నీ నిజమైన కారణాలే. గేటులో కాలు పెడుతున్నప్పుడు మాత్రం, వెనక ఎవరో ఉన్నట్టు ఒకసారి తిరిగి చూసింది.

తండాలో ఆమెతో మాట తగ్గింది. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే ముందున్నవాళ్లు పక్కకు జరిగి దారిచ్చేవాళ్లు, పరాయి మనిషికి ఇచ్చినట్టు. సాలి, ఆమె మొగుడు వాడపల్లి అవతల సిమెంటు ఫ్యాక్టరీల వైపు రాళ్ల పనికి పోతూ ఇంటికి తాళం వేసుకున్నారు. పోయే ముందు సాలి తమ భాషలో ఒక్క మాటంది. "నిన్ను సూసి నమ్మినం అక్కా, సేటును సూసి కాదు."

ఆ మాట పట్టుకుని గౌరీబాయి ఆ ఎండాకాలమంతా తిరిగింది. ఖాళీ గచ్చు ఊడుస్తుంటే అదే వినబడేది. ఆగస్టులో కేరళ ఆర్డరు ఒకటి పెద్దది వచ్చింది. ఓణం పండక్కి ముందే పోవాలి. సేటు హడావిడిగా ఉన్నాడు, డ్రయ్యర్ రాత్రింబగళ్లు నడుస్తోంది. డ్రయ్యర్ చూసుకోవడానికి మిల్లులోనే ఉండిపోయిన ఇంజినీరు ఇంకా పాత అలవాటు ప్రకారం, వడ్లు దించే ముందు ఒకసారి గౌరీబాయిని పిలిచి గింజలు ఇచ్చేవాడు.

ఆమె అప్పుడు నిశ్చయించుకుంది. పచ్చి వడ్లను "సాలు" అంటుంది. ఆడించిన బియ్యం బస్తాల్లో ముక్కుతాయి. కేరళ నుంచి లారీలు వెనక్కి వస్తాయి. మిషిన్‌ను నమ్ముకుంటే ఇంతేనని సేటు తెలుసుకుంటాడు, మళ్లీ గచ్చు మీదికి మనుషుల్ని పిలుస్తాడు. ఆ ఆలోచన ఆమెకు రెండు రోజులు నిద్ర లేకుండా చేసింది. పద్నాలుగేళ్లలో గింజ విషయంలో ఆమె ఒక్కసారి కూడా అబద్ధమాడలేదు. బియ్యం తినేవాళ్లు గుర్తొచ్చారు. ఎక్కడో ముక్కిన వాసనేసే అన్నం ముందు కూర్చునే పిల్లలు గుర్తొచ్చారు. అయినా సాలి మాట వాటన్నిటి కంటే బలంగా ఉంది.

గురువారం పొద్దున ఇంజినీరు గింజలు పోశాడు. కొరికింది. మెత్తగా నలిగి పంటికి అంటుకుంది. ఇంకా గంటన్నర ఆరాలి.

"సాలు" అంది. "దించుండ్రి."

ఇంజినీరు పెట్టె చూశాడు. మళ్లీ ఇంకో పిడికెడు వేసి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"లేదమ్మా. పదిహేడు ఉంది. టైం పడుతుంది."

"పదిహేడు లేదు, ఏం లేదు. నేను సెప్తున్న. ఎండినయ్."

"లేదమ్మా" అన్నాడాయన మరింత మెత్తగా. డ్రయ్యర్ ఆపలేదు. పెట్టెలో అంకె పదమూడుకు వచ్చేదాకా నడిపించి, దించాడు. మర్నాడు ఆమె మళ్లీ అలాగే అంది. అప్పుడూ ఆయన తల అడ్డంగానే ఊపాడు. మూడో రోజు ఆమెను పిలవనే లేదు.

శనివారం సాయంత్రం డ్రయ్యర్ కింద ఊడుస్తుంటే సేటు, ఇంజినీరు మెట్ల మీద మాట్లాడుకోవడం వినబడింది.

"పాపం, పెద్దదయింది సార్. పల్లు పోయింది. ఇప్పుడు తెలియడం లేదు" అన్నాడు ఇంజినీరు.

"అవును. యాభై దాటి ఉంటుంది. ఎండలో అన్నేళ్లు నడిచింది గదా" అన్నాడు సేటు.

చీపురు ఆమె చేతిలో ఆగిపోయింది. అప్పటికప్పుడు పైకి పోయి చెప్పాలనుకుంది. నాకు తెలుసు, పచ్చివని తెలిసే చెప్పిన, నా పన్ను మంచిగనే ఉంది, మీ బియ్యం ముక్కిపోవాలని చెప్పిన, అని. రెండు మెట్లెక్కింది కూడా. చెప్తే ఏమవుతుందో అప్పుడు తోచింది. దొంగ అంటారు. చెప్పకపోతే ముసలిది అంటారు. ఇంకో పేరు ఆమెకు మిగల్లేదు. దిగి వచ్చి చీపురు పట్టుకుంది.

ఓణం ఆర్డరు మొత్తం సకాలానికి పోయింది. ఒక్క బస్తా వెనక్కి రాలేదు. దసరాకు సేటు మిల్లులో పూజ చేయించి, డ్రయ్యర్‌కు గుమ్మడికాయ కొట్టించాడు. గౌరీబాయిని పిలిచి ఒక చీర, మిఠాయి పొట్లం చేతిలో పెట్టాడు.

"ఇంకెన్నాళ్లు కష్టపడతావ్? ఇంటి దగ్గర విశ్రాంతిగా ఉండు. ఏదన్నా అవసరమొస్తే రా, మొహమాటపడకు" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే ఆమెకు మింగుడుపడలేదు. మోసం చేసిన మనిషి మొహం ఎలా ఉంటుందో ఆమెకు ఒక అంచనా ఉండేది. ఇది అలా లేదు.

చీరను దారిలో ఎవరికో ఇచ్చేసింది. తిన్నగా రైలు పట్టాల పక్కన వాడకు పోయింది. సారమ్మ వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. ఆరు నెలల్లో మనిషి ఇంకా నల్లబడింది. గౌరీబాయిని చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు.

"నన్ను తీసేసిండు" అంది గౌరీబాయి.

"ఎప్పుడు?"

"గిప్పుడే."

"ఆనాడే రావాలె నువ్వు."

"అవు."

సారమ్మ చేట ఆపలేదు. గౌరీబాయి నిలబడే మొత్తం చెప్పింది. పచ్చి గింజను ఎండిందని ఎలా చెప్పిందో, ఎందుకు చెప్పిందో, వాళ్లు ఏమనుకున్నారో అంతా చెప్పింది. తను ఏం కోరుకుంటుందో ఆమెకే తెలీదు. సారమ్మ ఒక్కసారి తలెత్తి, "మంచిపని చేసినవక్కా" అంటే చాలనుకుందేమో.

సారమ్మ తలెత్తింది. "నిజంగనే తెలిసి సెప్పినవా?"

"తెలిసే సెప్పిన."

సారమ్మ ఆమె మొహంలోకి కొంతసేపు చూసింది. నమ్మిందో లేదో ఆ చూపులో దొరకలేదు.

"మనం నలభైమందిమి ఒక్కకాడ ఉన్ననాడు నిజం అడుగుదామంటే వద్దంటివి" అంది. "అందరం పోయినంక ఒక్కదానివి అబద్ధం సెప్పినవు. నాకేం జెయ్యాలె అక్కా గా అబద్ధంతోని?"

గౌరీబాయి చేట పక్కన కింద కూర్చుంది. "పని గిట్ల ఉంటే సెప్పు" అంది.

"యాసంగి నాట్లకు కోదాడ దిక్కు పోతున్నం. అనంతగిరి కాడ. ట్రాక్టర్ల పదిహేను మందిమి. ఆడ్నే గుడిసెలేసుకుని ఉండాలె. నీళ్లల్ల నిలబడ్తవా గీ వయసుల?"

"నిలబడ్త."

"ముఠా మేస్త్రీని నేనే. నా మాట ఇనాలె."

"ఇంట."

జనవరిలో వాళ్లతో పాటు ట్రాక్టర్ ఎక్కింది. రూప్లాను, మేకలను చుట్టాల మీద వదిలింది. ట్రాక్టర్‌లో ఉన్నవాళ్లలో పదిమంది ఒకప్పటి గచ్చు ముఠావాళ్లే. ఆమె ఎక్కగానే మాటలు ఆగాయి. ఊరు దాటాక మళ్లీ మొదలయ్యాయి, ఆమె లేనట్టు. కోదాడ చేరేసరికి చలి కోతకు మొహాలు పగిలాయి.

అనంతగిరి దగ్గర పొలాలు నీళ్లు నిండి మెరుస్తున్నాయి. పొలం రైతు కోదాడ మాటతీరు మనిషి, "త్వరగా కానివ్వండమ్మా, నారు ముదిరిపోతోంది" అంటూ గట్టు మీద తిరుగుతున్నాడు. సారమ్మ ఒక్కొక్కరికి నాటాల్సిన చాలు, ఒక్కో మునుం, చూపించి వరసగా అందరినీ నిలబెట్టింది. మధ్యలో చేయి తిరిగినవాళ్లు, రెండు పక్కలా నిదానస్తులు. గౌరీబాయి ఎక్కడ నిలబడాలో తెలీక గట్టు మీదే ఉంది.

"ఆ సివర్న నిలబడు" అంది సారమ్మ, పేరు పెట్టి పిలవకుండా.

బురద చల్లగా ఉంది. మొదటి గంటలోనే నడుం పట్టేసింది. వేళ్లకు నారు అలవాటు తప్పింది. తను నాటిన మొక్కలు వంకరగా నిలబడుతున్నాయి, కొన్ని పడిపోతున్నాయి. పక్కనున్నామె వాటిని చూసి, తన వంతు నాటుకుంటూ వెనక్కి జరిగిపోయింది. మధ్యాహ్నం అందరూ గట్టు మీద గుంపుగా కూర్చుని తిన్నారు. ఆమె కొంచెం ఎడంగా కూర్చుంది. పిలుస్తారేమోనని ఒకటి రెండుసార్లు అటు చూసింది. ఎవరో పచ్చడి డబ్బా చేతులు మార్చుకుంటున్నారు. అది ఆమె దాకా రాలేదు.

పొద్దు వాలేసరికి మిగిలినవాళ్లందరూ నాలుగు బారలు దాటిపోయారు. వాళ్ల ముందు పచ్చటి వరసలు, ఆమె వెనక మాత్రం ఒక ముక్క నీళ్లు మిగిలిపోయి కనబడుతోంది. రైతు గట్టు మీంచి అరిచాడు. "ఆ చివరామె ఎవరమ్మా, ముసలామెని ఎందుకు తెచ్చారు?"

గౌరీబాయి తలెత్తలేదు. సారమ్మ ఏమంటుందోనని వింది. సారమ్మ నడుం వంచే ఉంచి, ఇటు తిరక్కుండానే, గొంతు పెంచి అంది.

"నీ మునుం ఎనకబడ్డది. వంగు."

ఆమె వంగింది. ఆ రోజు నీళ్లలోకి దిగాక ఎవరైనా ఆమెతో అన్నవి ఆ రెండు మాటలే.